కన్ను కుదిరాకే తుపాకి ఎత్తాలి
(అడవి అంచు గ్రామాల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సభలో గిట్టుబాటు ధర గురించో, ఎరువుల గురించో మాట్లాడాలి గానీ, తుపాకి మీద బిగించే నైట్ విజన్ స్కోప్‌తో మనకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. పోయిన యాసంగి దాకా మేమూ అలాగే అనుకున్నాం. ఒక రాత్రి జరిగింది చూశాక ఈ మాట మీ ముందు పెట్టక తప్పదనిపించింది.

అడవిపందుల బాధ మీకు కొత్తగా చెప్పాల్సింది కాదు. మొక్కజొన్న పాలు పోసుకునే వేళకు, వేరుశనగ ఊడ దిగే వేళకు మంద దిగుతుంది. ఒక్క రాత్రిలో ఆరు నెలల కష్టం మట్టిపాలవుతుంది. ఆ కడుపుమంటతో కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగారు. ఆ తీగకు పంది కంటే ముందు పక్క చేను రైతు, కూలికి వచ్చిన మనిషి, ఒక్కోసారి తీగ కట్టినవాడే బలయ్యారు. ఆ దారి వద్దని మన సంఘం ఎప్పటినుంచో చెబుతోంది. చట్టప్రకారం అనుమతి ఉన్న షూటర్‌ను పిలిపించండని అడుగుతోంది కూడా మనమే. అలా వచ్చిన తుపాకి వల్ల మన మనిషికి ప్రమాదం లేకుండా చూసుకోవాల్సిన బాధ్యతా మనదే.

ముందు చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ జరిగాక అడవిపంది రెండో షెడ్యూల్‌లోకి వచ్చింది. పంటకు నష్టం చేస్తున్న జంతువును చంపాలంటే 11వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిగానీ, ఆయన అధికారమిచ్చిన అధికారిగానీ కారణాలు చూపి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. తుపాకి లైసెన్సు వేరు, ఈ అనుమతి వేరు. ఇంట్లో లైసెన్సు తుపాకి ఉంది కదా అని పందిని కాలిస్తే కేసు మన మీదే పడుతుంది. రాత్రిపూట కాల్చవచ్చా, నైట్ విజన్ స్కోప్ వాడవచ్చా అన్నది కూడా అధికారులను ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాట పనికిరాదు.

ఇక ఆ రాత్రి సంగతి. మా చేలకు వచ్చిన షూటర్‌కు అన్ని కాగితాలూ ఉన్నాయి. మనిషి కూడా నిదానస్తుడే. తుపాకికి కొత్తగా నైట్ విజన్ స్కోప్ బిగించుకొని వచ్చాడు. పగటి స్కోప్ ఉన్న చోటే దీన్నీ బిగించాడు. మంచె మీద కూర్చుని మెడ ముందుకు చాచి చూస్తున్నాడు. రెండు గంటలు గడిచేసరికి మెడ పట్టేసింది, కంట్లో నీళ్లు తిరిగాయి. బొమ్మ మొత్తం కనిపించడం లేదు, ఒక పక్క నల్లగా కోసుకుపోయి ఉంది. ఆ సగం బొమ్మలో వేరుశనగ చేను గట్టు మీద ఏదో నల్లగా వంగి కదిలింది. "వచ్చింది" అన్నాడు. పక్కనున్న మావాడికి అనుమానం వచ్చి "ఎవరది?" అని కేకేశాడు. గట్టు మీదినుంచి "నేనేరా, మడవ తిప్పుతున్నా" అని జవాబు వచ్చింది. కంబళి కప్పుకొని వంగిన మన రైతే అది.

షూటర్ తుపాకి దించి చాలాసేపు మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు.

తెల్లారాక కూర్చుని తప్పెక్కడ జరిగిందో అతనితోనే చెప్పించుకున్నాం. మేం నేర్చుకున్నది ఇదీ.

స్కోప్ వెనక అద్దం నుంచి కన్ను ఇంత దూరంలో ఉంటేనే బొమ్మ నిండుగా కనబడుతుందని ఒక లెక్క ఉంటుంది. పగటి స్కోప్‌లకు అది సాధారణంగా మూడు నాలుగు అంగుళాలు. నైట్ విజన్ వాటిలో చాలావాటికి ఇంకా తక్కువ. అందుకే పగటి స్కోప్ ఉన్న చోటే దీన్ని బిగిస్తే కన్ను అందదు, మనిషి మెడ చాచాల్సి వస్తుంది. స్కోప్‌నే కంటి దగ్గరికి తేవాలి గానీ కంటిని స్కోప్ దగ్గరికి లాక్కుపోకూడదు. దాన్ని వెనక్కి జరిపి బిగించే మౌంట్లు దొరుకుతాయి. అలాగని కంటికి మరీ దగ్గరగా పెట్టినా ముప్పే. తుపాకి పేలినప్పుడు వెనక్కి తంతుంది, స్కోప్ అంచు కనుబొమను చీలుస్తుంది. ఆ పరికరానికి తయారీదారు చెప్పిన దూరాన్ని, ఆ తుపాకి తన్నే బలాన్ని రెండింటినీ చూసుకోవాలి.

రెండోది ఎత్తు. ఈ స్కోప్‌లు బరువుగా, లావుగా ఉండి తుపాకి మీద ఎత్తుగా కూర్చుంటాయి. అప్పుడు చెంప బట్‌కు ఆనదు, తల గాలిలో నిలబడుతుంది. గాలిలో ఉన్న తల ప్రతిసారీ ఒకే చోటికి రాదు. బట్ పైన చెంప ఆనే చోట దిండులాంటిది కట్టి ఎత్తు పెంచుకుంటే తల బరువు దాని మీద పడుతుంది, మెడకు విశ్రాంతి దొరుకుతుంది.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. తుపాకి ఖాళీ అని ఇద్దరు చూసి నిర్ధారించుకోవాలి. కళ్లు మూసుకొని, తుపాకి భుజానికి ఆనించి, చెంప హాయిగా వాల్చాలి. అప్పుడు కన్ను తెరవాలి. బొమ్మ అంచుల దాకా నిండుగా కనబడితే కుదిరినట్టు. ఒక పక్క నెలవంకలా నల్లగా ఉంటే కన్ను ఆ పక్కకో ఈ పక్కకో తప్పినట్టు. చుట్టూ నల్లటి వలయం ఉంటే దూరం సరిపోలేదన్నట్టు. ఈ పరీక్ష మంచె మీద కూర్చునే భంగిమలోనే చేయాలి. బోర్లా పడుకున్నప్పుడు ఒకలా, కూర్చున్నప్పుడు ఒకలా, నిలబడ్డప్పుడు ఇంకోలా తల జరుగుతుంది. కళ్లద్దాలు పెట్టుకునేవారు వాటితోనే సరిచూసుకోవాలి.

తర్వాత చూపు. కంటి వైపు ఉన్న రింగు తిప్పి గురి గుర్తు స్పష్టం చేసుకున్నాకే, ముందు వైపు రింగుతో దూరపు బొమ్మను స్పష్టం చేసుకోవాలి. డిజిటల్ స్కోప్ అయితే తెర వెలుగు తగ్గించుకోవాలి. చీకటికి కన్ను బాగా అలవాటు పడడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. తెర వెలుగు ఎక్కువైతే ఆ అలవాటు క్షణంలో పోతుంది. స్కోప్ నుంచి తల తిప్పితే పక్కనున్న మనిషి కూడా కనబడడు. స్కోప్‌ను ఏ కొంచెం జరిపినా గురి మళ్లీ సరిచూసుకోవాలి. అది మన చేలో చేసే పని కాదు, అనుమతి ఉన్న రేంజ్‌లో చేసుకొని రావాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. స్కోప్‌తో చేను వెతకకూడదు. స్కోప్ ఎటు చూస్తే తుపాకి అటే చూస్తుంది. మన మనిషిని పోల్చుకునేలోపే అతని మీద తుపాకి గురిపెట్టినట్టవుతుంది. వెతకడానికి చేతిలో పట్టుకునే వేరే దూరదర్శిని ఉండాలి. దాంతో జంతువు నిండు రూపం చూసి, దాని వెనక ఏముందో చూసి, పందేనని తేలాకే తుపాకి ఎత్తాలి. సగం బొమ్మ మీద ట్రిగ్గర్ నొక్కే హక్కు ఎవరికీ లేదు.

ఇందులో మన వంతు పని కూడా ఉంది. షూటర్ వచ్చే రోజు సాయంత్రమే దండోరా వేయించాలి. ఆ రాత్రి ఆ చేల వైపు ఎవరూ నీళ్లు కట్టడానికి పోకూడదు. తప్పనిసరైతే కాపలా ఉన్నవాళ్లకు ఫోన్ చేసి, టార్చి వెలిగించుకొని పోవాలి. పొద్దుండగానే షూటర్‌ను మంచె ఎక్కించి, గట్లు, బాటలు, మోటార్లు, పాకలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించాలి. "అన్నా, కన్ను కుదిరిందా? మెడ నొప్పి లేకుండా చూడగలుగుతున్నావా?" అని అడగాలి. అడగడానికి మొహమాటం వద్దు. గంటకోసారి తుపాకి పక్కన పెట్టి లేచి నడవమనాలి. కళ్లు అలిసిపోయాయంటే ఆ రాత్రికి పని చాలించాలి. పంది రేపూ వస్తుంది.

తుపాకి ఒక్కటే మందు అని మేం చెప్పడం లేదు. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ కుసుమ వరుసలు వేయమని రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు చెబుతూ వచ్చారు. వీలున్నవాళ్లు వేయండి. కంచెకు సబ్సిడీ ఇవ్వాలని, పోయిన పంటకు పరిహారం ఆలస్యం లేకుండా చెల్లించాలని మన డిమాండ్ అలాగే ఉంది. దానికి ఇప్పుడు ఇంకొకటి చేరుస్తున్నాం. ఊళ్లకు పంపే ప్రతి షూటర్ పరికరాన్నీ, దాన్ని అతను వాడే తీరునూ అధికారులు ముందే పరీక్షించాలి. ఆ రాత్రి అటవీ సిబ్బంది ఒకరు దగ్గరుండాలి. వచ్చే నెల అర్జీలో ఈ రెండూ రాస్తున్నాం. ప్రతి గ్రామ కమిటీ సంతకాలు సేకరించి పంపాలి.

పోయిన పంటను మళ్లీ యాసంగికి పండించుకుంటాం. మడవ తిప్పడానికి పోయిన మనిషిని పోగొట్టుకుంటే ఎక్కణ్నుంచి తెచ్చుకుంటాం?

సెలవు.