పెదవి ఎత్తి చూడండి

దంతవైద్యంలో బీడీఎస్ పట్టా అందుకున్న మీ అందరికీ అభినందనలు.

మీ దగ్గరికి రావలసి ఉండీ రాని ఒక పిల్లవాడి గురించి చెబుతాను. వాడికి మూడేళ్లు. బరువు పెరగడం లేదని వాళ్లమ్మ ఆకలి పుట్టే టానిక్ రాయించుకు వెళ్తుంది. వాడు ముద్దను ఎంతసేపైనా బుగ్గనే పెట్టుకుంటాడు. మెత్తటి పప్పన్నం మింగుతాడు గానీ జామకాయ ముట్టడు. రాత్రిళ్లు లేచి ఏడుస్తాడు. పెదవి ఎత్తితే పై ముందు పళ్లు చిగుళ్ల దాకా పుచ్చి నల్లబడి ఉంటాయి. కింది ముందు పళ్లు మాత్రం శుభ్రంగా ఉంటాయి, నాలుక, లాలాజలం వాటిని కాపాడతాయి కాబట్టి. ఆ తేడా కనిపించగానే, పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతాడా అని అడగండి.

నోరు నొప్పిగా ఉంటే బిడ్డ తినడు, నిద్రపోడు. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. బాగా పుచ్చిన పళ్లకు చికిత్స జరిగాక పిల్లలు బరువు పుంజుకోవడం 1990ల్లోనే పరిశోధకులు గమనించారు. తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. బొద్దుగా ఉన్న పిల్లల్లోనూ పుచ్చుపళ్లు ఉంటాయి. బిస్కెట్లు, తీపి డ్రింకులు ఒంటినీ పెంచుతాయి, పంటినీ తింటాయి. కాబట్టి బరువును చూసి నోరు ఎలా ఉందో ఊహించకండి.

"పాలపళ్లే కదండీ, ఎలాగూ ఊడిపోతాయి" అంటారు. వెనక పాలదంతాలు పదేళ్లు దాటేదాకా ఉంటాయని, అన్నం నమిలేది వాటితోనేనని ఓపిగ్గా చెప్పండి. మూడేళ్ల లోపు బిడ్డకు ఫ్లోరైడు పేస్టు బియ్యపుగింజంత చాలు. నల్గొండ వంటి ఫ్లోరైడు ప్రాంతాల్లో మాత్రం తాగేనీటి సంగతి ముందు కనుక్కోండి.

మీ క్లినిక్‌లో బరువు తూచే మిషన్ ఒకటి పెట్టండి. అంగన్‌వాడీ టీచర్లు పిల్లల్ని తూచి ఎదుగుదల చార్టులో గుర్తు పెడుతూనే ఉన్నారు. తూచేటప్పుడే పెదవి ఎత్తి చూడటం వాళ్లకు నేర్పండి. చిగుళ్ల అంచున సుద్దలాంటి తెల్లగీత కనబడితే మీ దగ్గరికి పంపమనండి. ఆ దశలో డ్రిల్లు అక్కర్లేదు. ఫ్లోరైడు వార్నిష్ పూసి, రాత్రి పూట పాలసీసా మాన్పించి, రోజూ రెండుసార్లు పళ్లు తోమిస్తే చాలావరకు పుచ్చు ఆగుతుంది. ఎవరో పిలిచేదాకా ఆగకండి. ఈ నెలలోనే మీ ఊరి అంగన్‌వాడీకి వెళ్లండి.