మారిషస్ ప్రయాణానికి ముందు

(మారిషస్‌లో పారితోషికం లేకుండా రెండేళ్ళపాటు తెలుగు బోధించడానికి సతీసమేతంగా వెళ్తున్న మన సంఘ సభ్యులు, విశ్రాంత తెలుగు పండితులకు కాకినాడలో జరిగిన వీడ్కోలు సభలో ట్రెజరీ విశ్రాంత గుమాస్తా ఒకరి ప్రసంగ పాఠం)



మాస్టారి పాండిత్యం గురించి నాకంటె ముందు మాట్లాడినవారు చక్కగా చెప్పారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు బిల్లులు, ఓచర్లు చూసినవాణ్ణి. వయసు డెబ్బై ఆరు. కనుక నాకు తెలిసిన కాగితాల గురించీ, ఇంటి సంగతుల గురించీ నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

మనకు కూతవేటు దూరంలోని కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839లో వచ్చిన తుఫానుకు దెబ్బతింది. 1830లలోనే మనవాళ్ళు చెరకు తోటల్లో కూలికి ఒప్పందం మీద ఓడలెక్కి మారిషస్ చేరారు. అందుకే అక్కడ తెలుగువారికి కోరంగీలనే పేరు వచ్చింది. వారి సంతతి ఈనాటికీ రామభజన చేస్తున్నారు, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ చేసుకుంటున్నారు. ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. అయితే పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా క్రియోల్. తెలుగు వారికి బడిలో నేర్చుకునే తాతల భాష. ఆ కూలీలకు వీడ్కోలు సభ పెట్టినవారు లేరు. మాస్టారికి మనం పెడుతున్నాం, సంతోషం.

ఇక కాగితాలు. అన్నిటికంటె ముందు లైఫ్ సర్టిఫికెట్. ఏటా మనం బతికున్నామని మనమే రుజువు చేసుకోవాలి, లేకపోతే పెన్షన్ ఆగుతుంది. నా సర్వీసులో ఒక పెద్దాయన కూతురి దగ్గరకు అమెరికా వెళ్ళి ఈ సంగతి మరిచారు. తిరిగి వచ్చి మా కౌంటరు ముందు నిలబడి, "నన్ను చూస్తూ కూడా నమ్మరా?" అన్నారు. నమ్మాం, కానీ ఫైలు నమ్మలేదు. ఇప్పుడు కష్టం తగ్గింది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది, తరువాత ఫోనులో ముఖం చూపించి పంపే వీలూ వచ్చింది. విదేశంలో ఉన్నవారు భారత హైకమిషన్ అధికారి చేత ధ్రువపత్రం మీద సంతకం చేయించుకోవచ్చు. పోర్ట్ లూయిస్‌లో మన హైకమిషన్ ఉంది. ఏ పద్ధతైనా సరే, బయలుదేరేముందే మన సబ్ ట్రెజరీలో అడిగి రాయించుకోండి.

రెండోది ఫోను నంబరు. బ్యాంకువారి ఓటీపీ ఈ నంబరుకే వస్తుంది. రీఛార్జి లేక ఆ సిమ్ చచ్చిపోతే మీ డబ్బు మీకే అందదు. మూడోది, కుటుంబ పెన్షన్ కాగితాల్లో చెల్లెమ్మ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో చూడండి. ఒక్క అక్షరం తేడాకు ఆడవాళ్ళు నెలల తరబడి తిరగడం కళ్ళారా చూశాను. పర్యాటకులుగా వెళ్ళడం వేరు, రెండేళ్ళు ఉండి పాఠం చెప్పడం వేరు. నివాస అనుమతి పత్రం చేతికి రాకుండా టికెట్టు కొనకండి. నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పి మాత్రలు అక్కడికి తీసుకువెళ్ళడానికి ముందస్తు అనుమతి కావాలి. బీపీ బిళ్ళలైనా డాక్టరు చీటీతోనే పెట్టెలో పెట్టండి. ఆవకాయ సంగతి చెల్లెమ్మకు నేను చెప్పాలా!

ఒక్క మాట అడగాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, పోయిన ఆదివారం వారింటికి వెళ్ళి అడిగేశాను. పెద్దమ్మగారి అనుమతితోనే ఇక్కడ చెబుతున్నాను. మాస్టారి తల్లిగారికి ఎనభై తొమ్మిదేళ్ళు. ఇక మీదట రామచంద్రపురంలో చిన్న కొడుకు దగ్గర ఉంటారు. మారిషస్ నుంచి కాకినాడ చేరాలంటే విమానాలు మారాలి. అర్ధరాత్రి కబురు అందితే మర్నాటికి చేరతారని ఎవరూ పూచీ ఇవ్వలేరు. కాబట్టి అటువంటిది జరిగితే ఎంతసేపు ఆగాలి, తలకొరివి ఎవరు పెట్టాలి, ఇది తేల్చుకున్నారా అన్నాను. మాస్టారు తల వంచుకున్నారు. చెల్లెమ్మ లోపలికి వెళ్ళిపోయింది. పెద్దమ్మగారే అందుకున్నారు. "నా కోసం ఆగడమెందుకు నాయనా? చిన్నాడు పెడతాడు. వీడు పదో రోజుకి వస్తే చాలు. రాలేకపోతే అక్కడే ఇన్ని నీళ్ళు వదులుతాడు" అన్నారు.

నేను గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోలేదు. "అమ్మా, ఈ మాట నలుగురు చుట్టాల ఎదుట చెప్పండి. రేపు అన్న రాకముందే కానిచ్చేశాడని తమ్ముణ్ణి ఎవరూ నిష్ఠూరమాడకూడదు" అన్నాను. మొన్న గురువారం అందరినీ పిలిపించి చెప్పారట. తమ్ముడు ఏడ్చాడని విన్నాను. ఏడిస్తే ఏడ్చాడు, భారం తగ్గింది. మాస్టారు ఆ మరునాడే పెట్టె సర్దడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఒక్క పుస్తకం కూడా అందులో పెట్టలేదని చెల్లెమ్మ చెప్పింది.

ఇంటి తాళంచెవి మన కార్యదర్శిగారి దగ్గర ఉంటుంది. కరెంటు బిల్లు, ఇంటి పన్ను నేను చూస్తాను. రసీదులన్నీ ఒక ఫైలులో కుట్టి ఉంచుతాను. అక్కడి గడియారం మనకంటె గంటన్నర వెనుక, కాబట్టి మాస్టారు రాత్రి భోజనమయ్యాక ఫోను చేస్తే మేము నిద్రలో ఉంటాం. సాయంత్రం ఆరు లోపల చేయండి. సెలవు.