చేతి చక్రమునకు మోటారు సాయము

శంషాబాదులోని మా ఇంటి పెరటి షెడ్డులో ఒక చిన్న మిల్లింగ్ యంత్రము ఉన్నది. అది మా నాయనగారిది. వారు ఉద్యోగ విరమణానంతరము ముచ్చటపడి కొనుక్కొనినది. 2008 మార్చిలో ఈ ఊరి చెంత రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము పని ప్రారంభించినది మొదలు, విమానము కప్పు మీదుగా పోవునపుడెల్ల వారు యంత్రపు చక్రము త్రిప్పుట ఆపి ఒకమాటు పైకి చూచుట మాకు అలవాటైన దృశ్యము. మొన్నటి చలికాలమున మణికట్టు వాచి, ఆ త్రిప్పుటయే కష్టమైనది. ఒకనాటి సాయంకాలము వారు, "ఇగ దీన్ని అమ్మేద్దాం బిడ్డా" అనిరి. ఆ మాట మాకు నిదుర పట్టనీయలేదు.

లేతులో పనిముక్క తిరుగును. మిల్లింగ్ యంత్రములో కట్టరు తిరుగును. ముక్క బల్లపై బిగింపబడి, మెల్లగా కట్టరునకు ఎదురుగా జరుగును. ట్విస్ట్ డ్రిల్లుల గాడులు కోయుటకై అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ 1862లో సార్వత్రిక మిల్లింగ్ యంత్రమును నిర్మించెను. మన జంటనగరములకును ఈ విద్య క్రొత్త కాదు; 1943లోనే సికిందరాబాదున ప్రాగా టూల్స్ సంస్థ వెలసినది. నేటి పెద్ద యంత్రశాలలలో బల్ల కంప్యూటరు ఆజ్ఞపై కదలును. ఇంటి యంత్రములో మాత్రము దానిని కదలించునది మనిషి మణికట్టే.

ఆ శ్రమ ఎంతయో లెక్క చూతము. మా యంత్రపు మరకు ఒక చుట్టునకు బల్ల 5 మిల్లీమీటర్లు జరుగును. 400 మిల్లీమీటర్లు పోవలెనన్న 80 చుట్లు. తిరిగి వచ్చుటకు మరి 80. 20 మిల్లీమీటర్ల హైస్పీడు ఉక్కు కట్టరు మెత్తని ఇనుమును కోయునపుడు నిమిషమునకు సుమారు 400 చుట్లు తిరుగును. నాలుగు పండ్లలో ఒక్కొక్కటి 0.06 మిల్లీమీటరు చొప్పున కొరికినచో, బల్ల నిమిషమునకు 96 మిల్లీమీటర్లు నడువవలెను. అనగా చక్రము నిమిషమునకు ఇంచుమించు 19 చుట్లు, ఒకే తీరున తిరుగవలెను. అలసిన చేయి ఒకచోట ఆగును, ఒకచోట త్రోయును. ఆ తొట్రుపాటే ముక్కపై గీతలుగా మిగులును.

కనుక మేము రాణిగంజునకు పోయి, కారు అద్దము తుడుచు 12 వోల్టుల వైపరు మోటారు ఒకటి తెచ్చితిమి. దానిలో వర్మ్ గేరు ఉండుటచే వేగము తక్కువ, బలము ఎక్కువ. 20 పండ్ల పుల్లీ మోటారునకును, 40 పండ్ల పుల్లీ మరకును తగిలించి పండ్ల బెల్టు వేసితిమి, వేగము సగమైనది. తక్కిన హెచ్చుతగ్గులకు ఒక చిన్న కంట్రోలరు చాలినది. అయితే వర్మ్ గేరును మర వైపునుండి త్రిప్పజాలము. చేతితో నడుపుకొనవలెనన్న మోటారును విడదీయు క్లచ్చి తప్పక కావలెను.

మొదటినాడే మా అజాగ్రత్తకు ఫలము దక్కినది. ఎవరో పిలిచిన మాటకు మేము తల త్రిప్పితిమి. బల్ల కొసకు పోయి కొట్టుకొని, కంచు నట్టు మరలు చెడినవి. నాయనగారు ఒక్క మాట అనలేదు. మాకు అదియే ఎక్కువ శిక్ష. క్రొత్త నట్టు వేసిన పిదప రెండు కొసలను రెండు లిమిట్ స్విచ్చులు అమర్చితిమి. అవి మామూలుగా మూసియుండి, బల్ల తగిలినపుడు తెరచుకొనునవి. తీగ తెగినను మోటారు ఆగును. ఒక్కొక్క స్విచ్చికి ఒక డయోడు జతచేయుటచే, ఆగిన బల్ల వెనుకకు మాత్రము రాగలదు.

ఈ పనికి పూనుకొను గృహస్థులకు మరి మూడు మాటలు. మోటారు నడచునపుడు చక్రపు పిడి కూడ తిరుగును. అది చొక్కాను, వ్రేళ్లను పట్టును. పిడిని ఊడదీయుడు. బెల్టునకు మూత, తీగకు ఫ్యూజు ఉండవలెను. మరలో ఆట ఉన్నచో, పంటి గమనమునకు ఎదురుగానే ముక్కను నడుపుడు. గమనము వెంబడి నడిపినచో కట్టరు బల్లను లాగుకొని పోవును.

ఇప్పుడు నాయనగారు స్విచ్చి వేసి, బల్ల అంచున కట్టరునకు దూరముగా అరచేయి ఆనించి నిలుచుందురు. "చప్పుడు మారితే చేతికి తెలుస్తది" అందురు. చక్రము త్రిప్పు బరువును మాత్రమే మేము మోటారునకు అప్పగించితిమి. ఆ తెలివి వారి చేతనే ఉన్నది. యంత్రమును అమ్ము మాట మరల మా ఇంట వినబడలేదు.