నకళ్ళపెట్టె నిండినపుడు

ధాన్యపు గాదె నిండినదన్న గృహస్థు సంతోషించును. కాని యీ దినములలో ననేకగృహములందు వేఱొక గాదె యున్నది. అది నిండినచో సంతోషింప వలనుపడదు. పట్టణములలోనే గాక పల్లెలలోను వైఫై రౌటరు ప్రక్కన నల్లని పెట్టె యొకటి చిన్నదీపము వెలిగించుకొని కూర్చుండుట మీలో ననేకులు చూచియే యుందురు. ఇంటి కంప్యూటర్లలోని ఫొటోలకును, కాగితములకును, లెక్కలకును నకళ్ళు తీసి దాచుట దాని పని. దానిని బ్యాకప్పు డ్రైవందురు. నేను నకళ్ళపెట్టె యనెదను. అది నిండినపుడు చేయదగిన దేమో, చేయరాని దేమో నేడు మనవి చేసెదను.

ఇది కుఱ్ఱవాండ్రు చూచుకొను విషయము గదా, మాకేల యని పెద్దలు తలంపవచ్చును. ఆ పెట్టెలో నున్న వెవరివి? గతించిన యిల్లాలి ఛాయాపటము, మనుమరాలి అన్నప్రాశనము, పొలము దస్తావేజుల ప్రతులు. పెట్టెను కొని యమర్చిన కుమారుడు హైదరాబాదులోనో అమెరికాలోనో యున్నాడు. జాగా చాలదని తెరమీద వచ్చు హెచ్చరికను చూచువారు మీరే.

ఆ హెచ్చరికను మీట నొక్కి త్రోసివేయు నలవాటు మంచిది కాదు. తనంతట తాను జాగా చేసికొనలేని పెట్టె నిండిన దినముననే క్రొత్త నకళ్ళు నిలిచిపోవును. దీపము మాత్రము యథాప్రకారము వెలుగుచునే యుండును. నే నెఱిగిన యొక విశ్రాంతోపాధ్యాయుని యింట నిట్లే యెనిమిది నెలలు గడచినవి. పిమ్మట కంప్యూటరులోని డిస్కు చెడినది. అంతకు ముందటి పదేండ్ల ఫొటోలు పెట్టెలో భద్రముగా నున్నవి. ఆ యెనిమిది నెలలవి, ఆయన తల్లి కడపటి దినములవి, ఎచ్చటను లేకపోయెను.

నిండినది గదా యని మొత్తమును తుడిచి మరల మొదటినుండి నకలు తీయుద మనుకొనువారు గలరు. ఇది యింకను సాహసము. తుడిచిన క్షణము మొదలు క్రొత్త నకలు ముగియువఱకు మీ సొత్తునకు కంప్యూటరులోని ప్రతి యొక్కటియే దిక్కు. గాలిత్రోవను మొదటి నకలు పూర్తియగుటకు ఒకటి రెండు దినములు పట్టుటయు గలదు. అంతియకాదు. రెండేండ్లక్రిందట పొరపాటున చెఱిపిన కాగితము కంప్యూటరులో నుండదు, పాతనకలులోనే యుండును. క్రొత్తప్రతి ముగియకముందే పాత తాటియాకులను ఏట గలిపిన లేఖకుని గూర్చి నేను వినలేదు.

కావున నేమియు తుడువక, పెట్టెను నింపిన దేదియో ముందుగా చూడవలయును. సాధారణముగా నేరము ఫొటోలది కాదు, వీడియోలది. ఐఫోనులో 4కె వీడియోను సెకనునకు 30 చిత్రముల చొప్పున తీసినచో, జాగా తక్కువపట్టు పద్ధతిలోనే నిమిషమునకు సుమారు 170 మెగాబైట్లగును. మూడుగంటల పెండ్లి 30 గిగాబైట్లను దాటును. దానిని ముగ్గురు తీసి మూడు కంప్యూటర్లలో నుంచిరా, ఒక్క తాళిబొట్టు మూడుమాఱులు కట్టినట్లే! ఉత్తమమైనదాని నొకదాని నుంచుకొనిన చాలును. సినిమాలు మరల దొరకునవే గాన వానికి నకలక్కఱలేదు; నకళ్ళు తీయవలదను పట్టికలో ఆ సంచిని చేర్పవచ్చును. మఱియు నిట్టి పెట్టెలు పెక్కింటిలో చెత్తబుట్ట యొకటి యుండును. తీసివేసినవన్నియు అందులో చేరి, బుట్టను ఖాళీ చేయువఱకు జాగా నాక్రమించియే యుండును.

పాత తేదీల సంచులను చేతితో లాగివేయుట మాత్రము వలదు. పెక్కు పద్ధతులలో దినదినమును మొత్తము నకలు తీయరు. మాఱినవానిని మాత్రము వ్రాసికొని, మాఱనివానిని పాతనకలునుండియే చూపుదురు. అందుచేత నొకనాటి సంచిని తీసినను వచ్చు జాగా స్వల్పము. కొన్నిటిలో గొలుసు తెగి తరువాతివియు చెడును. ఆ పని పెట్టెనడుపు కార్యక్రమమునకే విడువవలయును. ఆపిల్ వారి టైమ్ మెషీన్ 2007లో వచ్చినది. అది కడచిన 24 గంటలకు గంట కొకటి, కడచిన నెలకు దినమున కొకటి, అంతకు పూర్వము వారమున కొకటి చొప్పున నకళ్ళ నుంచి, జాగా చాలనపుడు మిక్కిలి పాతదానిని తానే తొలగించును. అయినను పెట్టె నిండుటకు కారణమేమన, అదే పెట్టెలో నితరుల నకళ్ళు, సినిమాలు చేరినచో వానిని ముట్టదు. ఉమ్మడి గాదెలో నెవరి పాలు వారికి గిరిగీసి యిచ్చినట్లు, ఒక్కొక్క కంప్యూటరున కింత యని హద్దు పెట్టినచో నీ చిక్కు చాలవఱకు తీఱును.

ఇన్ని చేసినను చాలనిచో పెద్దపెట్టె కొనుటయే మేలు. నకలు తీయవలసిన డిస్కునకు రెండింతలకు తక్కువ కాకుండ కొనుడు. ఒక టెరాబైటు పెట్టెను విండోసు కంప్యూటరు 931 గిగాబైట్లుగా చూపును. అంగడివాడు మోసగించెనని కోపింపకుడు. తయారుచేయువారు వేయింటి లెక్కను, విండోసు 1024 లెక్కను అనుసరించుటచే వచ్చిన భేద మది.

పాతపెట్టెను తుడువక, తేదీవ్రాసిన చీటి యంటించి, వేఱొక యూరిలో కుమార్తె యింట నుంచుట నాకు మిక్కిలి యిష్టము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో నెన్నో యిండ్లు మునిగినవి. అట్టి నీటిలో ఒకే గదిలోని కంప్యూటరును నకళ్ళపెట్టెయు నొక్కసారియే మునుగును.

క్రొత్తపెట్టెలో మొదటి నకలు ముగిసినపిదప ఒక పాతఫొటోను, ఒక దస్తావేజు ప్రతిని దానినుండి వెనుకకు తెప్పించి తెఱచి చూడుడు. అవి తెఱచుకొన్నగాని పాతపెట్టెను ఊరు దాటింపకుడు. ఇక కుమారుడు ఫోను చేసినపుడు క్షేమసమాచారములతో పాటు రెండు మాటలడుగుడు: పెట్టెలో నెంత ఖాళీ యున్నది, కడపటి నకలు ఏ తేదీది?