తెర ఎవరి చేతిలో ఉంటే బొమ్మ వారిదే

(అట్లాంటా సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా ఎన్నికలు, సాగునీరు, చదువులు చర్చకు వస్తాయి. ఈసారి సినిమా హాళ్ల గురించి మాట్లాడతానంటే కొందరు మిత్రులు నవ్వారు. "రాజకీయ వేదిక మీద సినిమా గోలేమిటండీ?" అన్నారు. నా జవాబు ఒక్కటే. ఒక కంపెనీ మరో కంపెనీని ఎంతవరకు మింగవచ్చో తేల్చేది చట్టం. చట్టం చేసేది రాజకీయం. కాబట్టి ఇది మన పనే.

ముందు మనకు దగ్గరలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. ఇదే జార్జియా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణం కేంద్రంగా కార్మైక్ సినిమాస్ అనే కంపెనీ ఉండేది. పెద్ద నగరాల జోలికి ఎక్కువగా పోకుండా చిన్న, మధ్యతరహా ఊళ్లలో థియేటర్లు నడిపేది. 2016లో ఏఎంసీ దాన్ని సుమారు 120 కోట్ల డాలర్లకు కొనేసి, అమెరికాలో అతి పెద్ద థియేటర్ కంపెనీ అయింది. అయితే కొనుగోలు పూర్తయ్యే ముందు జస్టిస్ డిపార్ట్‌మెంట్ అడ్డం నిలబడింది. దేశం మొత్తం మీద వాటా ఎంత అని మాత్రమే చూసి ఊరుకోలేదు. ఏ ఊళ్లో ఈ రెండు కంపెనీలు ఎదురెదురుగా పోటీ పడుతున్నాయో లెక్క తీసింది. అలాంటి 15 స్థానిక మార్కెట్లలో కొన్ని థియేటర్లు అమ్మేయాలని షరతు పెట్టింది. ఆ షరతు వల్ల అంతా బాగుపడిపోయిందని నేను అనడం లేదు. కానీ కొలత సరైనది. ప్రేక్షకుడు సినిమా చూసేది దేశంలో కాదు, తన ఊళ్లో.

ఇప్పుడు ఇండియాకు వద్దాం. అక్కడ రెండు అతి పెద్ద మల్టీప్లెక్స్ కంపెనీలు పీవీఆర్, ఐనాక్స్. ఈ రెండూ అంతకుముందే చిన్న కంపెనీలను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ వచ్చాయి. పీవీఆర్ 2012లో సినీమ్యాక్స్‌ను, 2018లో చెన్నై సత్యం థియేటర్ల యాజమాన్య సంస్థ ఎస్పీఐని తీసుకుంది. ఐనాక్స్ 2010లో ఫేమ్‌ను, 2014లో సత్యం సినీప్లెక్సెస్‌ను తీసుకుంది. చివరకు 2022 మార్చిలో ఆ రెండే ఒకటవుతున్నట్టు ప్రకటించాయి. అప్పటికి రెండింటికీ కలిపి 109 నగరాల్లో 1,546 తెరలు. 2023 ఫిబ్రవరి నుంచి విలీనం అమల్లోకి వచ్చింది.

ఇంత పెద్ద కలయికను కాంపిటీషన్ కమిషన్ పరిశీలించనే లేదు. కారణం వింటే ఆశ్చర్యపోతారు. కలిసిపోయే కంపెనీ టర్నోవర్ వెయ్యి కోట్లు దాటకపోతే కమిషన్ అనుమతి అక్కర్లేదని అప్పటి నిబంధన. 2019–20లో ఐనాక్స్ ఆదాయం 1,800 కోట్లు దాటింది. తర్వాత కరోనా వచ్చి హాళ్లు మూతపడ్డాయి, ఆదాయం పడిపోయింది. ఆ పడిపోయిన అంకె చూపించి ఒప్పందం గేటు దాటేసింది. జైపూర్‌కు చెందిన కట్స్ అనే వినియోగదారుల సంస్థ ఫిర్యాదు చేస్తే, జరగబోతుందన్న అనుమానం మీద విచారణ జరపలేమని కమిషన్ 2022లో తోసిపుచ్చింది.

కమిషన్‌కు పని చేతకాదా అంటే, అదీ కాదు. 2016లో పీవీఆర్ డీటీ సినిమాస్‌ను కొన్నప్పుడు ఇదే కమిషన్ ఢిల్లీలో ఏ పేటలో ఎంత పోటీ ఉందో చూసి, రెండు థియేటర్లను ఒప్పందం నుంచి తీసేయించింది. 39 తెరల బేరం 32కు తగ్గింది. ఊరివారీగా లెక్క తీయడం మన వాళ్లకూ తెలుసు. గేటు దగ్గర ఆపే నిబంధన లేకపోవడమే లోపం. 2024 సెప్టెంబర్ నుంచి 2,000 కోట్లు దాటిన ఒప్పందాలకు టర్నోవర్‌తో నిమిత్తం లేకుండా పరిశీలన తప్పదన్న నిబంధన వచ్చింది. మంచిదే, కానీ గుర్రం పోయాక లాయానికి తాళం వేసినట్టయింది.

ఇంతకీ నష్టమేమిటి అంటారా? 2024 ఏప్రిల్‌లో జరిగింది చూడండి. డిజిటల్ ప్రింట్ ఎవరి ద్వారా రావాలన్న విషయమై పీవీఆర్ ఐనాక్స్‌కూ కేరళ నిర్మాతలకూ తగువు వచ్చింది. కంపెనీ మలయాళ సినిమాలు ఆపేసింది. ఆ దెబ్బ తెలుగులోకి అనువాదమై మన దగ్గర ఆడుతున్న 'మంజుమ్మెల్ బాయ్స్' మీద కూడా పడింది. తగువు కొచ్చిలో, బొమ్మ ఆగింది హైదరాబాద్‌లో. కొద్ది రోజుల్లో రాజీ కుదిరింది. కానీ ఒక భాష సినిమాను ఊరూరా ఒకేసారి ఆపగల శక్తి ఒక్క చేతికి వచ్చిందని ఆ రోజు అందరికీ అర్థమైంది.

మన రెండు రాష్ట్రాల్లో సమస్య ఇంకో రూపంలో ఉంది. సింగిల్ స్క్రీన్ థియేటర్లు ఇంకా పెద్ద సంఖ్యలో మిగిలిన ప్రాంతం మనది. జిల్లాల్లో హాలు యజమాని ఒకరు, లీజుకు తీసుకుని నడిపేవారు మరొకరు. హాలు పేరు మారదు, బోర్డు మారదు. ఏ బొమ్మ పడాలో నిర్ణయించే మనిషి మాత్రం మారిపోతాడు. ఒక జిల్లాలో ఎన్ని హాళ్లు ఒకే చేతి కింద ఉన్నాయో మామూలు మనిషికి తెలిసే దారి లేదు. చిన్న నిర్మాత పండక్కి తన సినిమాకు హాలు దొరకలేదని మొత్తుకుంటే, ఎవరిని అడగాలో కూడా తెలియని పరిస్థితి.

దీనికి తోడు పంపకంలో తేడా. మల్టీప్లెక్స్‌కు టికెట్ వసూళ్లలో శాతం. చిన్న హాలుకు చాలా సందర్భాల్లో అద్దె మాత్రమే. మాకూ శాతం ఇవ్వండని 2025 మేలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నారు, తర్వాత విరమించారు. అంతకు ఏడాది ముందు 2024 మేలో తెలంగాణ సింగిల్ స్క్రీన్లు ఆడించడానికి బొమ్మల్లేక పది రోజులు మూసేస్తున్నట్టు ప్రకటించాయి. ఇలా నీరసించిన హాలే లీజుకు పోతుంది, లేదా కల్యాణ మండపం అవుతుంది.

పెద్ద కంపెనీలు వచ్చాకే కదా శుభ్రమైన బాత్రూములు, మంచి సౌండు వచ్చాయి అని మీరు అనవచ్చు. నిజమే, కాదనను. ఆడవాళ్లు పిల్లలతో ధైర్యంగా హాలుకు వెళ్లగలగడం చిన్న విషయం కాదు. కానీ ఆ బాగుదల పోటీ వల్ల వచ్చింది. పోటీదారుడే లేకపోతే పాప్‌కార్న్ ధర తగ్గించాల్సిన అవసరం ఎవరికుంటుంది? పైగా పెద్ద కంపెనీ లాభం లేనిచోట నిలబడదు. విలీనమైన కొద్ది నెలలకే, 2023 మేలో, సుమారు 50 తెరలు మూసేస్తామని ప్రకటించింది. మాల్‌కు అది ఒక అంకె. తాలూకా పట్టణంలో ఉన్న ఒక్క హాలూ మూతపడితే ఆ ఊరికి సినిమాయే లేదు.

అందుకే మనం అడగాల్సినవి మూడు.

ఒకటి, థియేటర్ల కొనుగోళ్లను, విలీనాలను ఊరివారీగా, భాషవారీగా కొలవాలి.

రెండు, జిల్లాల్లో థియేటర్ లైసెన్సు రెవెన్యూ అధికారుల చేతిలోనిదే. ఆ హాలును నిజంగా నడిపేదెవరో, లీజు ఎవరి పేర ఉందో కూడా రాయించుకుని జిల్లావారీ జాబితా ప్రజల ముందు పెట్టాలి. దీనికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

మూడు, ఒకే సినిమాకు మల్టీప్లెక్స్‌కు ఒక న్యాయం, చిన్న హాలుకు ఒక న్యాయం ఉండకూడదు. శాతమైతే ఇద్దరికీ శాతమే.

ఇక్కడ కూర్చుని మనం చేయగలిగింది కూడా ఉంది. భారత పౌరసత్వం ఉన్న సభ్యులు ఎవరి జిల్లాకు వారు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఎన్ని హాళ్లకు లైసెన్సు ఉంది, అది ఎవరి పేర ఉంది అని అడగండి. వచ్చిన జవాబులన్నీ ఒకచోట చేర్చి మన ఎమ్మెల్యేలకు, ఎంపీలకు పంపుదాం. మనలో కొన్ని కుటుంబాలకు ఊళ్లో హాలులో వాటా ఉంది. వారు లీజు కాగితం మీద సంతకం పెట్టేముందు, ఏ సినిమా ఆడించాలో చెప్పే హక్కు కొంతైనా తమ దగ్గర ఉంచుకోమని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.

విడుదల రోజున టికెట్ల కోసం మనం ఎంత హడావుడి చేస్తామో అందరికీ తెలుసు. అందులో పదో వంతు ఓపిక ఈ దరఖాస్తు మీద పెడితే చాలు. ఫారాలు బయట బల్ల మీద ఉన్నాయి. వెళ్లేముందు తలా ఒకటి తీసుకెళ్లండి.