రక్తం ఆగడం వేరు, కీలు బాగుపడడం వేరు

(హీమోఫీలియా పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, బడిపంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి గాబట్టి డాక్టర్లు రాసింది చదివి మన మాటల్లో చెప్పే పని నా మీద పడింది.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఈ జబ్బు ఎవరి పాపమూ కాదు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్లలో ఎనిమిదోది సరిగా తయారవకపోతే ‘ఎ’ రకం, తొమ్మిదోది తయారవకపోతే ‘బి’ రకం. తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుని కోడల్ని పుట్టింటికి తరిమిన ఇళ్ళు నాకు తెలుసు. సుమారు మూడోవంతు మందికి ఇంటి చరిత్రలో ఎక్కడా ఈ జబ్బుండదు, జన్యువు కొత్తగా మారి వస్తుంది. ఇంగ్లండు విక్టోరియా రాణి ఇంటి నుంచి రష్యా చక్రవర్తి కొడుకు దాకా పాకింది కూడా ఇదే. అది ‘బి’ రకమని 2009లో ఎముకల్లోని డీఎన్ఏ చూసి తేల్చారు. రాణిని మాత్రం ఎవరూ ఇంట్లోంచి గెంటలేదు గదా!

ఇక కీళ్ళు. మోకాలు, చీలమండ, మోచెయ్యి. లోపల రక్తం కారినప్పుడల్లా అందులోని ఇనుము కీలు లోపలి పొరలో పేరుకుంటుంది. పొర వాచి మందమవుతుంది. వాచిన పొరలోంచి మళ్ళీ సులువుగా రక్తం కారుతుంది. కారేకొద్దీ వాపు, వాచేకొద్దీ కారడం. చివరికి ఎముకల మధ్య గుజ్జు తినేస్తుంది. గుజ్జుకు రక్తనాళాలు లేవు, పోయింది తిరిగి సరిగా పెరగదు. నా క్లాసులో వంగిన మోకాలితో వచ్చే పిల్లవాణ్ణి మిగతావాళ్ళు కుంటోడా అంటారు. వాడికి పదమూడేళ్ళు.

ఇప్పుడు ‘జన్యు చికిత్స వచ్చిందంట, మావాడి కాలు వస్తదా సార్?’ అని అడుగుతున్నారు. వచ్చిన మాట నిజమే. 2011లో లండన్‌లో ‘బి’ రకం ఉన్న ఆరుగురికి, హానిచేయని వైరస్‌లో మంచి జన్యువు పెట్టి ఎక్కించిన ఫలితాలు వెలువడ్డాయి. 2022లో అమెరికా హెమ్‌జెనిక్స్‌కు అనుమతిచ్చింది. ఖరీదు 35 లక్షల డాలర్లు, అంటే సుమారు 30 కోట్ల రూపాయలు. రోజుకు 300 కూలి లెక్కన పది లక్షల రోజులు. రెండువేల ఏడువందల ఏళ్ళు కూలికి పోవాలి! ‘ఎ’ రకానికి 2023లో అక్కడ రాక్టేవియన్ వచ్చింది. ఇవి పెద్దవాళ్ళకే. పైగా ఆ వైరస్‌ను ఎదిరించే శక్తి ఒంట్లో ముందే ఉన్నవాళ్ళకు రాక్టేవియన్ పనికిరాదు.

మనకు దగ్గర్లో జరిగిన పని ఇంకొకటుంది. వెల్లూరు సీఎంసీలో డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ బృందం రోగి రక్తంలోంచే మూలకణాలు తీసి, ఎనిమిదో ఫ్యాక్టర్ జన్యువు చేర్చి, మళ్ళీ ఎక్కించింది. ‘ఎ’ రకం తీవ్రంగా ఉన్న ఐదుగురికి చేశారు. ఆ తర్వాత చూసినంత కాలంలో వాళ్ళకు రక్తస్రావం కాలేదని 2024 డిసెంబరులో ప్రకటించారు. గొప్ప విషయమే. కానీ ఐదుగురే. ఎక్కించేముందు ఎముక మజ్జను ఖాళీ చేయడానికి ఘాటైన కీమో మందులివ్వాలి. పిల్లలు పుట్టే శక్తి మీద కూడా దెబ్బపడొచ్చు. ఇంకా పరీక్షల దశే.

మీరు గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఇది. జన్యు చికిత్స ఇకముందు కారే రక్తాన్ని తగ్గిస్తుంది. అరిగిన గుజ్జును తిరిగి పుట్టించదు. వెల్లూరులో వాడిన మూలకణాలు రక్తాన్ని పుట్టించేవి, మోకాలు కట్టేవి కావు. మోకాలికి వేరే మూలకణాలతో గుజ్జు పెంచాలని ప్రయత్నాలున్నాయి. హీమోఫీలియా కీలుకు అవి పనిచేస్తాయని రుజువు కాలేదు. అయినా ఒక క్లినిక్‌వాళ్ళు మా ఊరి తండ్రికి ‘స్టెమ్‌సెల్ సూదులు మూడు వేస్తే పరిగెత్తుతాడు’ అని చెప్పారు. ఆయన అరెకరం అమ్మడానికి బేరం పెట్టాడు. కాగితం చూపించమంటే వాళ్ళ దగ్గర కాగితం లేదు. మన దేశంలో 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటివి అనుమతి పొందిన పరీక్షల్లోనే చేయాలి. పరీక్షకు మన దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఫ్యాక్టర్ ఇవ్వకుండా కీలులో సూది గుచ్చితే ఆ రంధ్రంలోంచే రక్తం కారుతుంది!

మరి ఏం చేయాలి? కీలు పాడవకముందే కాపాడాలి. 2007లో అమెరికాలో 65 మంది మగపిల్లల మీద చేసిన అధ్యయనం చూడండి. క్రమం తప్పకుండా ఫ్యాక్టర్ ఎక్కించినవాళ్ళలో ఆరేళ్ళ వయసుకి 93 శాతం మంది కీళ్ళు ఎంఆర్ఐలో బాగున్నాయి. రక్తం కారినప్పుడు మాత్రమే ఇచ్చినవాళ్ళలో 55 శాతం మందికే. మన దగ్గర ఇంకా చాలామంది పిల్లలకు కారాకే ఇస్తున్నారు. బస్సెక్కి జిల్లా ఆసుపత్రికి పోయేలోపు మోకాలు గుమ్మడికాయంత అవుతుంది. ఐసు పెట్టండి, కాలు ఎత్తి కదలకుండా ఉంచండి, ఆస్పిరిన్ మింగించొద్దు, కండకు సూది వేయనివ్వద్దు. వాపు తగ్గాక వ్యాయామం మానొద్దు. ఇప్పటికే బాగా పాడైన మోకాలికి ఫ్యాక్టర్ ఇస్తూ కీలు మార్పిడి చేసే సర్జన్లున్నారు, అది వేరే సంగతి.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో హీమోఫీలియా పేరు ఉంది. సర్టిఫికెట్ ఇవ్వమంటే ‘కాళ్ళూ చేతులూ ఉన్నాయిగా’ అని గుమాస్తా అంటే ఆ చట్టం పేరు చెప్పండి. ఫ్యాక్టర్ కారాక కాకుండా ముందుగానే, వారం వారం, దగ్గరి ఆసుపత్రిలోనే ఇవ్వాలని మనం అర్జీ రాశాం. ఆ కాగితం వెనక బల్ల మీద ఉంది. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయండి, మా పిల్లలు సాయం చేస్తారు.