కాశీయాత్రకు మజిలీల పట్టిక

కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని పూర్వులనుచుండిరి. అట్టి కాలములో పోయి, క్షేమముగా తిరిగివచ్చి, త్రోవ సంగతులను గ్రంథముగా మనకిచ్చినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు.

చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుభాషిగా నుండిన ఆయన 1830 మే 18న సుమారు నూరుగురు పరివారముతో బయలుదేరినారు. మన కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబల్పూరుల మీదుగా ప్రయాగ, కాశీ చేరి, గయ, కలకత్తాలు చూచుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినారు. మజిలీ మజిలీకి నీటివసతి యెట్లున్నది, అంగళ్లున్నవా, దిగుటకు చోటున్నదా అని వ్రాసియుంచినారు. 'కాశీయాత్రచరిత్ర' 1838లో అచ్చయినది.

నేడు జమ్మలమడుగు నుండి కారులో కాశీకి పోవువారికి పల్లకీలు, డేరాలు అక్కరలేదు. కర్నూలు చేరినచో 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు మీదుగా నాగపురము చేర్చును. దారి బాగుపడినది గాని మనుష్యునికి నిద్ర అవసరము తగ్గలేదు. రెండు దినములలో చేరవలెనను పంతముతో తెల్లవార్లు బండి నడుపుట ఇంటిల్లిపాది ప్రాణములతో చెలగాటము. చక్రము పట్టినవానికి ఒక్క క్షణము రెప్ప వాలినను చాలును.

కావున ముందుగా మజిలీలు వ్రాసికొనుడు: హైదరాబాదు, నాగపురము, జబల్పూరు, పిదప కాశీ. పొద్దుగూకక మునుపే బస చేరుడు. బసలు ముందుగా కుదుర్చుకొనుడు. త్రాగునీరు, నిత్యము వాడు మందులు చేతికందునట్లుంచుడు. వెంట వృద్ధులున్నచో మరియొక మజిలీ చేర్చుడు.

వీరాస్వామయ్యగారికి పట్టిన మాసములు మనకు దినములైనవి. ఆ దినములలో ఒకటి పెరిగినను నష్టము లేదు.